ఎగ్జాస్ట్ మార్చాక వెలిగే చెక్ ఇంజన్ లైటు: ఆక్సిజన్ సెన్సర్ కోడ్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కార్లకు సైలెన్సర్లు, హెడర్లు (ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు) మార్పించుకునేవాళ్లు బాగా పెరిగారు. సరుకు బెంగళూరు జేసీ రోడ్డు నుంచో చెన్నై పుదుపేట నుంచో వస్తుంది, వెల్డింగ్ మన ఊళ్లోనే అయిపోతుంది. సౌండ్ బాగుందని సంబరపడేలోపే మీటర్లో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలుగుతుంది, లోపాన్ని సూచించే నంబరు, అంటే కోడ్, బండి కంప్యూటర్లో పడుతుంది. వెంటనే అందరూ అడిగేది కొత్త సెన్సర్ ధర. ధర అడిగే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగానికి పైసా ఖర్చు ఉండదు. ఇదంతా పెట్రోల్ కార్ల సంగతి. సీఎన్‌జీ, డీజిల్ బండ్ల గురించి కింద రెండు ముక్కలు రాశాను.

ఈ సెన్సర్ చేసే పనేమిటి? బండికి ఎన్ని ఉంటాయి?

పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఈసీయూకి, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు, చెప్పడం దాని పని. మన రోడ్ల మీద తిరిగే మూడు, నాలుగు సిలిండర్ల కార్లకు సాధారణంగా రెండుంటాయి: క్యాటలిటిక్ కన్వర్టర్‌కు, అంటే మనం క్యాట్ అనే డబ్బాకు, ముందొకటి, వెనకొకటి. ముందు సెన్సర్ మాట విని ఈసీయూ క్షణక్షణం పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వెనక సెన్సర్ ముఖ్యంగా క్యాట్‌కు కాపలా.

కోడ్‌లు చదివే పరికరమైన స్కానర్లో బ్యాంక్ 1 సెన్సర్ 1 అంటే ముందుది, బ్యాంక్ 1 సెన్సర్ 2 అంటే వెనకది. బ్యాంక్ 2 అనేది వీ6, వీ8 లాంటి ఇంజన్లకు ఉంటుంది. మీ స్విఫ్ట్‌కో ఐ20కో బ్యాంక్ 2 అని చూపిస్తే స్కానర్‌లో బండి మోడల్ సరిగా ఎంచుకున్నారో లేదో ముందు చూసుకోండి.

మామూలు జిర్కోనియా సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది. 0.45 దాటి పైన ఉంటే పెట్రోలు ఎక్కువైంది, అంటే రిచ్. కింద ఉంటే గాలి ఎక్కువైంది, అంటే లీన్. చాలా కొత్త బండ్లలో ముందు సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం. దానికి ఈ ఊగడం ఉండదు. లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల కొలత; 1 అంటే సరిగ్గా సరిపోయినట్టు) 1.00 దగ్గర నిలకడగా ఉంటే అది బాగున్నట్టు లెక్క. ఈ తేడా తెలియక, కదలడం లేదని మంచి వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ను పీకి పక్కన పడేస్తున్నారు. ముందు మీ బండిలో ఏ రకం ఉందో తెలుసుకోండి, ఆ తర్వాతే అంకెలు చూడండి.

కోడ్‌లో సెన్సర్ పేరే వస్తోంది కదా, మార్చేస్తే అయిపోదా?

ఎక్కువసార్లు అయిపోదు. సెన్సర్ ఏం చూసిందో, దాని దగ్గర్నుంచి ఈసీయూకి ఏం అందిందో మాత్రమే కోడ్ చెబుతుంది. సెన్సర్ పోయిందని అది ఎక్కడా చెప్పదు. నిన్నటిదాకా లైటు లేని బండికి ఎగ్జాస్ట్ పని చేయించాక కోడ్ వచ్చిందంటే, ఆ పనిలో చెయ్యి పడ్డచోటే మొదట వెతకాలి: ప్యాకింగ్, వెల్డింగ్ అతుకు, సెన్సర్ వైరు, కప్లర్, సెన్సర్ కూర్చున్న స్థానం. ఇవి చూడకుండా సెన్సర్ కొంటే కొత్త సెన్సర్ మీద పాత కోడే మళ్లీ వస్తుంది. పైగా ఒకసారి బిగించిన సెన్సర్‌ను అంగట్లో వెనక్కి తీసుకోరు.

ఏ కోడ్ వస్తే ఎక్కడ వెతకాలి?

పీ0131, పీ0171 వస్తే ముందు సెన్సర్ లీన్ చూస్తోందని అర్థం. ఎగ్జాస్ట్ పని తర్వాత ఇవి వచ్చాయంటే మొదటి అనుమానం మానిఫోల్డ్ (ఇంజన్‌కు ఆనుకుని సిలిండర్ల పొగను కలిపే గొట్టం) దగ్గర లీకు మీదే. పీ2195 కూడా ఇదే కుటుంబం, వైడ్‌బ్యాండ్ బండ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. పీ0132, పీ0172 దీనికి తిరగబడిన కథ: రిచ్ చూపిస్తోంది. సిగ్నల్ వైరు హీటర్ కరెంటుకు తగిలినా పీ0132 వస్తుంది.

పీ0133 అంటే సెన్సర్ నిదానంగా స్పందిస్తోంది. పీ0134 అంటే ఉలుకూ పలుకూ లేదు. హెడర్ వేసి సెన్సర్‌ను దూరం జరిపిన బండ్లలో ఈ రెండూ తరచుగా వస్తాయి.

పీ0135 ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్, పీ0141 వెనక సెన్సర్ హీటర్ సర్క్యూట్. రెండూ ఒకేసారి వచ్చాయంటే రెండు సెన్సర్లూ ఒకే రోజు చచ్చిపోయాయని అనుకోకండి. ఫ్యూజ్ తీసి చూడండి. పైపుకు తగిలి తోలు కరిగిన వైరు బాడీకి షార్ట్ అయితే ఫ్యూజ్ ఎగిరిపోతుంది. చాలా బండ్లలో రెండు హీటర్లకూ కరెంటు ఒకే ఫ్యూజ్ నుంచి వస్తుంది.

పీ0137, పీ0138, పీ0140 వెనక సెన్సర్‌వి: తక్కువ వోల్టేజీ, ఎక్కువ వోల్టేజీ, అసలు కదలిక లేకపోవడం. పీ0420 అంటే క్యాట్ పని సరిపోవడం లేదని. దాని గురించి కింద విడిగా రాశాను.

"అన్నా, నేను వెనక సైలెన్సర్ ఒక్కటే మార్పించినాను. ముందర ముట్టుకోనేలేదు. అయినా లైటు ఎందుకొస్తాది?"

న్యాయంగా అయితే రాకూడదు. క్యాట్ తర్వాతి పైపు, సైలెన్సర్ మారితే సెన్సర్లు చూసే పొగలో తేడా ఏమీ ఉండదు. అయినా వచ్చిందంటే పనిచేసేటప్పుడు ఏదో కదిలింది. పాత సైలెన్సర్ నట్లు తుప్పుపట్టి రాక, పైపును సుత్తితో కొట్టి ఊపుతారు. ఆ ఊపుకి ముందున్న ఫ్లెక్స్ పైపు జాలీ తెగుతుంది, లేదా క్యాట్ ఫ్లాంజ్ (రెండు పైపులను బోల్టులతో కలిపే అంచు) దగ్గర పాత ప్యాకింగ్ చిట్లుతుంది. రబ్బరు హ్యాంగర్లు సరిగా తగిలించకపోతే పైపు బరువంతా ముందు జాయింట్ మీద పడుతుంది. వెనక సెన్సర్ వైరుకు ఉండే క్లిప్పు ఊడి, వైరు వేలాడి వేడి పైపుకు ఆనుకోవడం మరీ మామూలు.

బండిని లిఫ్ట్ ఎక్కించి ఫ్లెక్స్ పైపు నుంచి వెనక్కి చేత్తో తడుముతూ రండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ఈ పని.

పొగ బయటికి పోతుంది గానీ గాలి లోపలికి ఎలా వస్తుంది?

చాలామంది నమ్మని విషయం ఇదే. పొగ ఏకధారగా రాదు. ఒక్కో సిలిండర్ వాల్వు తెరుచుకున్నప్పుడల్లా ఒక్కో దెబ్బగా వస్తుంది. ఆ దెబ్బ దాటిపోయిన వెంటనే దాని వెనక పైపులో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గే క్షణం ఒకటుంటుంది. సరిగ్గా అప్పుడు సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను సెన్సర్ చూసి, మిశ్రమం లీన్‌గా ఉందని నిజాయతీగా చెబుతుంది. ఈసీయూ అది నమ్మి పెట్రోలు పెంచుతుంది. ఇంజన్ నిజానికి రిచ్‌గా నడుస్తుంది, మైలేజీ పడిపోతుంది, స్కానర్ మాత్రం లీన్ అంటుంది. తప్పు సెన్సర్‌ది కాదు, ఈసీయూది కాదు. వెంట్రుకవాసి సందుది.

ఈ గాలి లాగడం ఐడ్లింగ్‌లో ఎక్కువ. రేస్ చేస్తే పొగ ఒత్తిడి పెరుగుతుంది, గాలి లాగడం తగ్గుతుంది. ఈ తేడాయే లీకును పట్టిస్తుంది.

లీకు పట్టుకోవడం ఎలా?

రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి వినండి. మానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ మని శబ్దం వచ్చి, ఇంజన్ వేడెక్కాక తగ్గిపోతే అది లీకే కావచ్చు. వేడికి లోహం సాగి సందు మూసుకుంటుంది. అందుకే మధ్యాహ్నం ఎండలో గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్‌కు ఏమీ వినబడదు. బండిని ముందురోజు సాయంత్రమే వదిలి రండి.

రెండోది కంటితో చూసేది. ఫ్లాంజ్ అంచున, వెల్డింగ్ వరస పక్కన, మానిఫోల్డ్ స్టడ్ చుట్టూ మసి చార ఉందేమో చూడండి. మొన్న మా దగ్గరికి చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక హ్యాచ్‌బ్యాక్‌లో, పైనుంచి చూస్తే వెల్డింగ్ చాలా అందంగా ఉంది. చిన్న అద్దం పెట్టి పైపు అడుగు వైపు చూస్తే గోరంత మేర వెల్డింగే పడలేదు. ఎలక్ట్రోడ్ అక్కడిదాకా వంగలేదు. ఆ చోటు నుంచి కింద బ్రాకెట్ మీదికి సన్నగా నల్లటి చార దిగింది. కాటుక పెట్టినట్టు, అంత స్పష్టంగా. పైపు దింపి ఆ గోరంత పూడ్చగానే పీ0171 పోయింది.

మూడో పద్ధతి సబ్బు నీళ్లు. చల్లటి బండికి సైలెన్సర్ చివర నుంచి బ్లోయర్‌తో నిదానంగా గాలి ఊది, అతుకుల మీద సబ్బు నీళ్లు చిమ్మితే బుడగలు వచ్చినచోట లీకు. స్మోక్ మెషీన్ ఉన్న గ్యారేజీ దొరికితే ఇంకా తేలిక.

ఒక హెచ్చరిక. ఇంజన్ గాలి పీల్చుకునే వైపు వాక్యూమ్ పైపు ఊడినా ఇవే లీన్ కోడ్‌లు వస్తాయి. హెడర్ వేసేటప్పుడు అడ్డమొచ్చిన పైపులు ఊడదీసి తిరిగి పెట్టడం మరచిపోవడం జరిగే పనే, అవి కూడా చూడండి.

హెడర్ వేసినాక పీ0133, పీ0135 వస్తున్నాయి. లీకు లేదు, వైరు బాగుంది. ఇంకేముంది?

స్థానం. జిర్కోనియా సెన్సర్ పనిచేయాలంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ పైన వేడి ఉండాలి. కంపెనీ దాన్ని ఇంజన్‌కు అంత దగ్గరగా పెట్టింది అందుకే. లాంగ్ ట్యూబ్ హెడర్లో సెన్సర్ బాగా కిందికి జరుగుతుంది, అక్కడికి వచ్చేసరికి పొగ చల్లబడుతుంది. హీటర్ ఆ లోటు పూడ్చడానికి ఎక్కువ కష్టపడాలి. పొగ చేరడానికి పట్టే సమయమూ పెరుగుతుంది కాబట్టి సెన్సర్ నిదానించిందని ఈసీయూ అనుకుంటుంది.

నాలుగు గొట్టాలూ కలిసే చోటు దాటిన వెంటనే, వీలైనంత ఇంజన్ దగ్గరగా బంగ్ (సెన్సర్ బిగించే మర ఉన్న రింగు) వేయించండి. ఒక్క సిలిండర్ గొట్టం మీద వేస్తే అది ఆ సిలిండర్ కథ మాత్రమే చెబుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి కోణం. సెన్సర్ పైపుకు పై సగంలో, అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు పైకి లేచి ఉండాలి. అడుగున పెడితే చల్లటి ఉదయం పైపులో చేరే నీటిబొట్లు దాని మీద పడి, హీటర్‌తో కాలిన పింగాణీ చిట్లుతుంది. కింద చెయ్యి పెట్టడానికి సులువుగా ఉంటుందని వెల్డర్ అడుగునే పెడతానంటాడు. ఒప్పుకోకండి.

సెన్సర్ వైరు అందడం లేదు. కోసి అతికితే ఏమవుతుంది?

నాలుగు వైర్ల సెన్సర్లో సాధారణంగా ఒకే రంగువి రెండు, ఎక్కువగా తెల్లవి, హీటర్‌వి. మిగతా రెండింటిలో ఒకటి సిగ్నల్, ఒకటి సిగ్నల్ గ్రౌండ్. చాలా వాటిలో నలుపు సిగ్నల్, బూడిద రంగు గ్రౌండ్. కానీ కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి రంగు చూసి నమ్మకండి, బండి వైరింగ్ పటం చూడండి.

సెన్సర్ లోపలికి పోల్చి చూసుకోవడానికి బయటి గాలి కావాలి. చాలా రకాల్లో ఆ గాలి వైరు పోగుల మధ్య సందుల్లోంచే వెళ్తుంది. సీసం పోసి సోల్డర్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కప్లర్లో గ్రీసు దట్టించినా అంతే. అందుకే సెన్సర్ వైపు వైరును కోయకుండా, రెండు చివర్లా కప్లర్ ఉన్న రెడీమేడ్ ఎక్స్‌టెన్షన్ వేయడం మేలు. తప్పనిసరిగా అతకాల్సి వస్తే క్రింప్ చేయించండి. ఇన్సులేషన్ టేపు వేడికి జిగురు కారి ఊడిపోతుంది, గ్లాస్ ఫైబర్ స్లీవ్ వేయండి. పాత క్లిప్పులన్నీ తిరిగి పెట్టించండి. వైరు పైపుకు దూరంగా ఉందా లేదా అన్నది బండి ఆగి ఉన్నప్పుడు మాత్రమే కాదు, రేస్ చేసినప్పుడు ఇంజన్ ఊగే ఊపులో కూడా చూడాలి.

కొన్ని బండ్లలో సిగ్నల్ వైరు తెగితే స్కానర్లో 0.45 వోల్టుల దగ్గర గీత గీసినట్టు నిలబడుతుంది. సెన్సర్ కాదు, వైరు చూడండి.

ఏ స్కానర్ కావాలి? ఏ అంకెలు చూడాలి?

కోడ్ చదవడానికి ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ డాంగిల్, టార్క్ లాంటి యాప్ చాలు. కోడ్ చెరపకముందే ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో స్పీడు ఎంత, ఇంజన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత అన్నీ అందులో ఉంటాయి. చెరిపేస్తే అవీ పోతాయి. చాలామంది తొందరపడి పోగొట్టుకునే సాక్ష్యం ఇది.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చూడండి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కలిపి ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపల ఉంటే దాదాపు మామూలే. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 దగ్గర ఉండి, 2,500 ఆర్‌పీఎంకు సున్నా వైపు దిగితే లీకు, ఎగ్జాస్ట్‌లోనో వాక్యూమ్‌లోనో. అన్ని చోట్లా ఒకేలా ప్లస్ ఉంటే పెట్రోల్ పంపు, ఇంజెక్టర్, ఎయిర్ ఫ్లో సెన్సర్ వైపు కూడా చూడాలి.

క్యాట్ బాగుంటే, ముందు సెన్సర్ ఊగుతుంటే వెనకది 0.6, 0.7 దగ్గర నెమ్మదిగా, దాదాపు నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానితో పోటీపడి ఊగితే క్యాట్ పని చేయడం లేదని.

తిరుమల ఘాట్ రోడ్డులో టెస్ట్ చేయవచ్చంటారు, నిజమేనా?

నిజమే. ఈ ప్రాంతంలో ఉన్నందుకు మనకు దొరికిన సదుపాయం అది. దిగేటప్పుడు, అంటే మొదటి ఘాట్ రోడ్డులో, గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఈసీయూ ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఇంజన్లోకి గాలి తప్ప పెట్రోలు పోదు. అంటే పైపులో దాదాపు శుద్ధమైన గాలి. అప్పుడు మామూలు రకం సెన్సర్లు రెండూ సున్నా దగ్గరికి, 0.1 వోల్టు కిందికి పడాలి. ఏదైనా ఒకటి పైనే ఇరుక్కుంటే ఆ సెన్సర్‌నో దాని వైరునో అనుమానించాలి. మళ్లీ యాక్సిలరేటర్ ఇవ్వగానే ముందుది వెంటనే లేవాలి, వెనకది కాస్త ఆలస్యంగా లేస్తుంది. అలా పడి లేచే సెన్సర్ దాదాపు ఆరోగ్యంగా ఉన్నట్టే, కొత్తది కొనే ఆలోచన మానుకోవచ్చు.

ఎక్కేటప్పుడు, రెండో ఘాట్‌లో, లోడు మీద ముందు సెన్సర్ గట్టిగా ఊగుతోందా, ట్రిమ్ ఎంతుందో చూడవచ్చు. పలమనేరు వైపు వాళ్లకు మొగిలి ఘాట్, మదనపల్లె దారిలో వెళ్లేవాళ్లకు భాకరాపేట ఘాట్ కూడా ఇందుకు పనికొస్తాయి. ఫోన్ చూసేది పక్క సీట్లో కూర్చున్న మనిషే కావాలి. నడిపేవాళ్లు రోడ్డు తప్ప ఇంకేమీ చూడకూడదు. న్యూట్రల్‌లో దిగడం ప్రమాదం, పైగా న్యూట్రల్‌లో ఈ టెస్ట్ కూడా జరగదు, ఎందుకంటే ఇంజన్ ఐడ్లింగ్ కోసం పెట్రోలు తీసుకుంటూనే ఉంటుంది.

దిగేటప్పుడు సైలెన్సర్లో టప్ టప్ మని పేలుళ్లు వినబడుతున్నాయంటే, కొత్త సౌండ్ అని ఆనందించే ముందు లీకు చూడండి. సందులోంచి దూరిన గాలి వల్ల మిగిలిన పెట్రోలు ఆవిరి పైపులో మండినా అదే శబ్దం వస్తుంది.

"క్యాట్ లేపేసినాము. పీ0420 వస్తా ఉండాది. స్పేసర్ పెడితే పోతాదంట కదా?"

లైటు పోవచ్చు. పొగ పోదు.

స్పేసర్ వెనక సెన్సర్‌ను పొగ ధార నుంచి పక్కకు లాగుతుంది, ఎమ్యులేటర్ దొంగ సిగ్నల్ పంపుతుంది, రీమ్యాప్‌లో, అంటే ఈసీయూ ప్రోగ్రాం మార్చి, ఆ కోడ్‌నే మూసేస్తారు. మూడింటికీ ఫలితం ఒకటే: క్యాట్ ఉందని ఈసీయూను నమ్మించడం. క్యాట్ లోపలి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని హైడ్రోకార్బన్లను, నైట్రోజన్ ఆక్సైడ్లను పని పట్టేది. అది లేని బండి మీ వీధిలో, మీ పిల్లల ముందు ఆ విషాన్ని నేరుగా వదులుతుంది. అందుకే స్పేసర్ బిగించే పని మేము చేయం, చేయమని ఎవరికీ చెప్పం కూడా.

ఇంకో నష్టం ఉంది. ఆ కోడ్ మూసేశాక క్యాట్ వైపు ఏం జరిగినా బండి మీకు చెప్పదు. పికప్ కోసమే క్యాట్ తీసేశామంటారు గానీ, మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో దానివల్ల సీటులో కూర్చున్న మనిషికి తెలిసేంత తేడా రాదు. పెద్దగా తెలిసేది సౌండే. సౌండ్ కావాలంటే క్యాట్ వదిలేసి దాని వెనకది మార్చుకోండి.

క్యాట్ ఉండి కూడా పీ0420 వస్తే దాన్ని వెంటనే పారేయకండి. క్యాట్ ముందో, వెనక సెన్సర్ పక్కనో లీకు ఉన్నా ఈ కోడ్ పడవచ్చు. మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగా మండకపోవడం) వల్ల కాలని పెట్రోలు క్యాట్‌లో మండి లోపలి తేనెపట్టు కరిగిపోయిందేమో కూడా చూడాలి. చల్లారాక చేత్తో తడితే గలగలమంటే లోపల విరిగినట్టే.

పొల్యూషన్ సర్టిఫికెట్‌కు అడ్డమొస్తుందా? చట్టం ఏమంటుంది?

బీఎస్-4, బీఎస్-6 పెట్రోల్ కారు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం లోపల, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. క్యాట్ లేని బండికి ఇది గండం. క్యాట్ ఉన్నా వెనక పైపులో లీకుంటే బయటి గాలి కలిసి లాంబ్డా 1.03 దాటవచ్చు, కాబట్టి లీకు పూడ్చాకే టెస్ట్‌కు వెళ్లండి.

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడవచ్చు, లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్ల లీన్ కోడ్ వస్తుందా?

ఒక్క దానివల్ల రావడం అరుదు, కానీ దానికీ కొంత పాత్ర ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పూర్తిగా మండడానికి బయటి గాలి తక్కువ చాలు. ఒక పాలు వట్టి పెట్రోలుకు కావాల్సిన గాలి 14.7 పాళ్లు అయితే ఈ10కు సుమారు 14.1, ఈ20కి సుమారు 13.5. అంటే ఈ10కు ట్యూన్ చేసిన పాత బండి ఈ20 మీద నడిస్తే ట్రిమ్ నాలుగైదు శాతం ప్లస్ వైపు పోవడం సహజం. అప్పటికే చిన్న లీకు వల్ల ఓ మోస్తరు ప్లస్ ఉంటే, ఈ రెండూ కలిసి గీత దాటిస్తాయి. సవరించాల్సింది లీకునే.

బ్యాటరీ తీసి పెడితే లైటు పోయింది. బాగయినట్టేనా?

కాదు. రెండు రోజులకు మళ్లీ వస్తుంది. బ్యాటరీ తీస్తే ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్‌లు కూడా పోతాయి, రోగం ఎక్కడుందో చెప్పే ఆధారం పోయినట్టే. లోపం నిజంగా సరిచేస్తే, చాలా బండ్లలో వరసగా మూడు డ్రైవ్ సైకిళ్లు (స్టార్ట్ చేసి నడిపి ఆపడం ఒక సైకిల్) బాగా నడిచాక లైటు దానంతటదే ఆరుతుంది.

లైటు ఆరి ఆరి వెలుగుతోంది. ఇలాగే కొండకు పోవచ్చా?

వద్దు. నిలకడగా వెలిగే లైటుకు, మిణుకుమనే లైటుకు చాలా తేడా ఉంది. మిణుకుమంటే సిలిండర్ సరిగా మండడం లేదు, కాలని పెట్రోలు క్యాట్‌లోకి పోతోంది. అలాగే ఘాట్ ఎక్కితే లోడు మీద క్యాట్ ఎర్రగా కాలి కరిగిపోతుంది. అలిపిరి దగ్గరే ఆపి బస్సులో వెళ్లండి.

మరి సెన్సర్ నిజంగానే పోయిందని ఎప్పుడు తేల్చాలి?

లీకు లేదు, ఫ్యూజ్ బాగుంది, ఇంజన్ నడుస్తుండగా కప్లర్ దగ్గర హీటర్‌కు బ్యాటరీ కరెంటు వస్తోంది, అయినా కోడ్ ఉంది. అప్పుడు కప్లర్ విప్పి సెన్సర్ వైపు హీటర్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని ఓములు చూపాలి, సరైన అంకె మీ బండి మాన్యువల్లో ఉంటుంది. అసలు కంటిన్యూటీ లేకపోతే హీటర్ కాలిపోయింది. ఘాట్ టెస్ట్‌లో కదలని సెన్సర్ కూడా పోయినట్టే.

తీసిన సెన్సర్ మూతిని చూడండి. తెల్లగా బూడిద పూసినట్టుంటే అక్కడ సిలికోన్ ప్రభావం ఉండవచ్చు: ప్యాకింగ్‌కు రాసిన మామూలు సిలికోన్ పేస్టు ఆవిరి సెన్సర్‌ను చంపుతుంది. అందుకే పేస్టు కొంటే సెన్సర్ సేఫ్ అని రాసినదే కొనండి. నల్లటి మసి రిచ్‌కు గుర్తు.

కొత్తది కంపెనీ పార్ట్ నంబరుతోనే కొనండి. మామూలు రకం స్థానంలో వైడ్‌బ్యాండ్ గానీ, దానికి ఉల్టాగా గానీ పనిచేయవు. మర మామూలుగా 18 మిల్లీమీటర్లది, 22 నంబరు స్పానర్ పడుతుంది, 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగువు చాలు.

సీఎన్‌జీ కిట్ ఉంది, డీజిల్ బండి ఉంది. ఇవే వర్తిస్తాయా?

సీఎన్‌జీ బండిలో ముందు పెట్రోలు మీద నడిపి ట్రిమ్ చూడండి. పెట్రోలు మీద బాగుండి గ్యాస్ మీద మాత్రమే కోడ్ వస్తే కిట్ ట్యూనింగ్ చేయించాలి, ఎగ్జాస్ట్ జోలికి పోనక్కర్లేదు. డీజిల్‌లో డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్), నాక్స్ సెన్సర్ (నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) లాంటివి ఉంటాయి, లెక్క వేరు. డీజిల్ బండి డీపీఎఫ్ ముందున్న పైపును మార్చొద్దనే నా మాట.

వెల్డింగ్ షాపుకు పోయేముందు ఏం చెప్పి పెట్టుకోవాలి?

సెన్సర్లు రెండూ విప్పాకే వెల్డింగ్ మొదలుపెట్టమనండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయించండి, ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ పడే చోటుకు పక్కనే పెట్టించండి. పాత ప్యాకింగ్ మళ్లీ వాడనివ్వకండి, కొత్తది మీరే కొని తీసుకెళ్లండి. ముందు, వెనక సెన్సర్ల కప్లర్లు ఒకేలా ఉంటే తారుమారు కాకుండా విప్పేముందే రంగు టేపు చుట్టండి. పని అయ్యాక లిఫ్ట్ మీదే ఇంజన్ స్టార్ట్ చేయించి ప్రతి అతుకూ చూసి, తర్వాతే డబ్బులివ్వండి.

తీసిన పాత పైపు, క్యాట్ షాపులో వదిలేయకండి. డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. బండి అమ్మే రోజునో, పొల్యూషన్ టెస్ట్ తప్పినప్పుడో అదే మీకు కావాలి. కొత్త క్యాట్ కొనాలంటే ఖర్చు చాలా ఎక్కువ, దాంట్లోని లోహాల విలువ తుక్కు కొనేవాళ్లకు బాగా తెలుసు.